పంపిణీ గుమస్తాలకు నాలుగు మాటలు
(ఐరాలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పంపిణీ గుమస్తాలనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేను పౌరసరఫరాల గోదాముల్లో గుమస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. శాస్త్రం చెప్పలేను. చేతులు కాల్చుకొని నేర్చుకున్నది చెబుతాను.

ముందు సరుకు నడిచే దారి తెలుసుకోండి. ఎఫ్.సి.ఐ. గోదాము నుండి ఎం.ఎల్.ఎస్. పాయింటుకు వచ్చేది మొదటి దశ రవాణా. అక్కడినుండి చౌకధరల దుకాణానికి పోయేది రెండవ దశ. ఆ తర్వాత కార్డుదారు సంచి. దారిలో ఎక్కడ తరుగు వచ్చినా అది పైన నిలవదు. నీరు పల్లానికి పోయినట్లు కిందికి జారి, వరుసలో చివరి మనిషి మీద పడుతుంది.

1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం లారీ తొందరలో ఉండింది. చినిగి కుట్టిన సంచులు కొన్ని కనబడినా, తూకం వేయకుండా లెక్కపెట్టి పంపించేశాను. డీలరూ సంతకం పెట్టినాడు. వారం తర్వాత ఆ ఊరికి పోతే దుకాణం ముందు ఒక ముసలామె ఖాళీ సంచితో కూర్చొని ఉంది. "బియ్యం అయిపోయినాయంట సామీ, నేనేం తినేది?" అన్నది. నా రిజిస్టరులో లెక్క సరిగానే ఉంది. ఆ తప్పు నాదేనని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అందుకే తూకం గురించి గట్టిగా చెబుతున్నాను. 50 కిలోల కొత్త గోనెసంచి ఖాళీ బరువే సుమారు 580 గ్రాములు. సంచితో కలిపి 50 కిలోలు తూగితే సరిపోయిందనుకుంటే, 200 బస్తాలకు 116 కిలోల బియ్యం తగ్గినట్లే. మనిషికి నెలకు 5 కిలోల చొప్పున అది 23 మంది గ్రాసం. గోనె బరువు తీసి నికర తూకమే రాయండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. రిలీజ్ ఆర్డరు చూడకుండా బస్తా కదపవద్దు. ముందు వచ్చిన సరుకు ముందు పంపండి. లేకుంటే అడుగున ఉన్నది పురుగు పడుతుంది. బండి నంబరు, బస్తాలు, తూకం రాసిన తర్వాతే సంతకం తీసుకోండి. ఖాళీ కాగితం మీద ఎన్నడూ వద్దు. వినాయక చవితి నుండి 21 రోజులు కాణిపాకం బ్రహ్మోత్సవాల రద్దీ ఉంటుంది గనుక, ఆ దారిన పోయే లోడ్లు ముందే పంపండి. 2021 నవంబరు వానలు మన జిల్లాను ఎంత ఇబ్బంది పెట్టాయో చూశారు గదా! వంకలు దాటి పోవలసిన ఊళ్లకు వానలకు ముందే సరుకు చేరాలి.

2015లో దుకాణాలకు ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. 2021లో ఇంటింటికీ బండ్లు తిరిగాయి. 2025 జూన్ నుండి మళ్లీ దుకాణాల ద్వారానే ఇస్తున్నారు. పద్ధతులు ఎన్ని మారినా, గోదాము గడపలో కాటా దగ్గర నిలబడేది మీరే. బండి కదిలే ముందు ఆ చివరి మనిషిని ఒక్కసారి తలచుకోండి.