అటక మీది సామాను

ధనుర్మాసం వచ్చిందంటే మన ఇళ్లలో వెల్ల వేయడం, బూజు దులపడం మొదలవుతుంది. ఆ పనిలో అందరూ చివరికి నెట్టేది అటకనే. మనం అటక అంటాం. మా హోసూరు వైపు పక్కింటి కన్నడంవారు అట్ట అంటారు, ఎదురింటి తమిళులు పరణ్ అంటారు. మాట ఏదైతేనేం, నిచ్చెన వేసి ఎక్కి చూస్తే మూడిళ్లలోనూ కనిపించేది ఒకటే. మూతలేని డబ్బాలు, కాలు విరిగిన కుర్చీ, తిరగని మిక్సీ, ఎవరి పెళ్లిలోనో వచ్చిన గిన్నెలు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన అట్టపెట్టెలు.

ఎప్పటికైనా పనికొస్తుందనే మాట కరువు చూసిన పెద్దలది. గుడ్డపేలిక విలువ, మేకు విలువ వారికి తెలుసు. అందుకు వారిని చూసి నవ్వకూడదు. అయితే వారి రోజుల్లో ఇంట్లోకి వచ్చే వస్తువులే తక్కువ. ఇప్పుడు నెలకొక అట్టపెట్టె వస్తుంది, ఇల్లు మాత్రం పెరగదు. పెరట్లో పడేసిన టైరులో, పగిలిన కుండలో వాననీరు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. అటక మీది చెక్కల సందుల్లో తేళ్లు చేరతాయి. తీసేయవలసినవి తీసేయవలసిందే. వాడదగిన గిన్నె, దుప్పటి ఉంటే వాడేవారికి ఇవ్వండి. చిరిగినది దానం చేయడమంటే మన చెత్తను ఇంకొకరింటికి మోయించడమే. విరిగిన ఇనుము, ప్లాస్టిక్ పాత సామాన్ల బండికి వేయండి. భోగిమంటలో మాత్రం టైర్లు, కరెంటు వైర్లు వేయకండి. 2018 భోగినాడు పొగా మంచూ కలిసి చెన్నైలో విమానాలే ఆలస్యమయ్యాయి.

ఇంతవరకు అందరిళ్ల సంగతి. మన తెలుగిళ్లలో ఇంకొక చిక్కు ఉంది. అటక మూలన తాతగారి ఇనుపపెట్టె ఉంటుంది, దాని నిండా తెలుగు కాగితాలుంటాయి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. 2006 చట్టం తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి పాఠం చేసింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, నేనూ రెండు భాషల్లో పాఠం చెప్పే టీచరునే. కానీ తెలుగు అక్షరం రాని పిల్లవాడికి పాత పంచాంగమూ, భూమి క్రయపత్రమూ, అవ్వ రాసుకున్న పాటల పుస్తకమూ ఒక్కలాగే కనిపిస్తాయి. అన్నీ కిలో లెక్కన ఒక్క మధ్యాహ్నంలో తూకానికి వెళ్లిపోతాయి.

అందుకని ముందుగా అచ్చు వేసినవి ఒకవైపు, చేత్తో రాసినవి ఒకవైపు పెట్టండి. అచ్చుపుస్తకం వదలడానికి దిగులు వద్దు. 1947లో మద్రాసులో మొదలైన చందమామ మీ ఇంట్లో చెదలు పట్టినా ఇంకొకచోట ఉంటుంది. బాగున్నవాటిని తెలుగు చెప్పే బడికో, గ్రంథాలయానికో ఇవ్వండి. అడిగి ఇవ్వండి, గుమ్మంలో దించి రాకండి, వారికీ అటక ఉంటుంది కదా. చేతిరాతకు మాత్రం రెండో ప్రతి లేదు. మీ ఇంట్లో పోతే లోకంలోనే పోయినట్టు.

పద్దుపుస్తకంలో రూపాయి, అణా, పై అని మూడు గళ్లుంటే అది చాలావరకు 1957కు ముందుది. ఆ ఏడు ఏప్రిల్లో నయాపైసలు వచ్చాయి. ఏ ఏడు రాగులు ఎన్ని కొలగలు పండాయో, బావి తవ్వినప్పుడు కూలి ఎంతో, ఎవరికి ఎంత బదులిచ్చారో అందులో ఉంటుంది. అవ్వల నోటుపుస్తకాల్లో నలుగు పాటలు, బాలింతకు పెట్టే మందులు ఉంటాయి. మధ్యమధ్య తమిళ మాటా కన్నడ మాటా కలిసిపోయి ఉంటాయి. ఆ తెలుగు విజయవాడలో అచ్చయిన పుస్తకాల్లో దొరకదు. భూమి కాగితాలు తెలిసినవారిచేత చదివించకుండా కదపకండి. తాటాకుల కట్ట దొరికితే తడిగుడ్డతో తుడవకండి, తాడు గబుక్కున లాగకండి. అలాంటివాటి మంచిచెడ్డలు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, తంజావూరు సరస్వతీ మహల్లో అడగవచ్చు. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులు చెన్నై గ్రంథాలయంలోనే ఉన్నాయి. అవీ ఒకప్పుడు ఎవరి అటకల మీదివో!

పెట్టె దించేరోజు ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇవన్నీ ఎందుకు అని అడిగితే వారి మనసు నొచ్చుకుంటుంది. ఇది ఎవరి రాత అని అడిగి చూడండి, గంటసేపు చెబుతారు. చెప్పిన పేరు, ఊరు వెనుకవైపు పెన్సిలుతో తెలుగులో రాయండి, కింద పిల్లలకు వచ్చిన లిపిలోనూ రాయండి. ఫోటోలకూ అంతే. పాత క్యాసెట్లలో ఏ పెళ్లిలోనో అవ్వ పాడిన పాట ఉండవచ్చు. టేప్‌రికార్డరు బండికి వేయకముందే వాటిని ఫోనులోకి ఎక్కించుకోండి.

ఇంత చేశాక మిగిలేది నాలుగు నోటుపుస్తకాలు, ఒక కట్ట ఉత్తరాలు. వాటిని మళ్లీ అటక ఎక్కించకండి. చెదలు అందని బీరువాలో, పిల్లల కంటికి కనిపించేచోట పెట్టండి. ఇనుపపెట్టె గట్టిదే అయితే అమ్మవద్దు, రాగులు పోసుకోవచ్చు.