పాటే పట్టిచ్చిన ప్రేమ

నాటకంలో పాట అందుకుంటే కథ కాసేపు ఆగడం మనకు అలవాటే. పద్యనాటకంలో ఒకరు రాగం తీస్తుంటే ఎదుటి పాత్ర ఓపిగ్గా నిలబడుతుంది. ‘వన్స్ మోర్’ పడితే ఇంకాసేపు నిలబడుతుంది. 1927 డిసెంబరు 27న న్యూయార్క్‌లో తొలిసారి, జీగ్‌ఫెల్డ్ థియేటర్లో ఆడిన ‘షో బోట్’ సంగీత నాటకాన్ని ఆ అలవాటుతో వింటే సగం చేజారిపోతుంది. అక్కడ కథను నడిపేది పాటే. ఎడ్నా ఫెర్బర్ నవలను ఆస్కార్ హామర్‌స్టీన్ నాటకంగా మలిచి పాటలు రాశారు, జెరోమ్ కెర్న్ బాణీలు కట్టారు. మిసిసిపీ నది మీద రేవు రేవుకూ తిరిగి నాటకాలాడే ‘కాటన్ బ్లాసమ్’ పడవ, దాన్నే నమ్ముకున్న నటులు అందులో కథావస్తువు.

పడవ మీద ముఖ్య నటి జూలీ. ఎలాంటివాడైనా తనవాణ్ణి ప్రేమించకుండా ఉండలేనంటూ ఒక పాట పాడుతుంది. వంటమనిషి క్వీనీ నల్లజాతి స్త్రీ. తమవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని పాట ఈమెకెలా వచ్చిందని ఆశ్చర్యపోతుంది. ప్రేక్షకుడు తేలిగ్గా దాటేసే ఆ ఒక్క మాటలోనే జూలీ గుట్టంతా ఉంది. ఆమె తల్లి నల్లజాతి మనిషి, భర్త స్టీవ్ తెల్లవాడు. పడవ ఆగిన రాష్ట్రంలో అప్పట్లో అలాంటి పెళ్లి నేరం. షెరీఫ్ రాకముందే స్టీవ్ ఆమె వేలు కోసి రక్తం పీల్చి, తన ఒంట్లోనూ నల్ల రక్తం ఉందంటాడు. అరెస్టు తప్పుతుంది గానీ పడవ మీద బతుకుతెరువు పోతుంది. సంగీతంలోనూ ఇదే పట్టు: పడవ పేరు పలికే హుషారు స్వరాలను తలకిందులు చేసి నెమ్మదిగా పాడితే, రేవు కూలీ జో పాడే ‘ఓల్ మ్యాన్ రివర్’ ఎత్తుగడ వస్తుంది. వినోదమూ, దాన్ని మోసే చాకిరీ ఒకే స్వరాల్లో ఉన్నాయన్నమాట. ఆ పాట ప్రధాన భాగం మన మోహనలాగా ఐదు స్వరాల మీదే నడుస్తుంది. అందుకే మన చెవికి కొత్తగా అనిపించదు.

ఇదంతా ఉత్త కన్నీటి నాటకం కాదా అనవచ్చు. కథలోని మరో జంట, జూదరి రావెనల్, అతను వదిలేసిన భార్య మాగ్నోలియా, చివర్లో కలుసుకోవడం నాకూ రుచించదు. నవలలో అతను తిరిగి రాడు, అదే నిజాయితీ. అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: నల్లవాళ్ల బాధను తెల్లవాళ్లు రాశారు, తొలి ప్రదర్శనలో క్వీనీ వేషం ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్ల నటి వేసింది. దీనికి సమర్థన లేదు. కానీ దానికి జవాబు ‘ఓల్ మ్యాన్ రివర్’ పాటలోంచే పుట్టింది. 1936 సినిమాలో జోగా పాడిన పాల్ రోబ్సన్, తర్వాత కచేరీల్లో మాటలు మార్చి, నిట్టూర్పు ఉన్నచోట పోరాటం పెట్టాడు. రెండు రికార్డులూ దొరుకుతాయి. ఒకదాని వెంట ఒకటి వినండి.