స్వంతభూమి - పొరుగువాని నెమ్మది



ఎవరి పొలమునకు వారే రాజులని లోకమున నొక మాట కలదు. గట్టు లోపల నేమి చేసినను అడుగువారెవరని దాని భావము. ఈ మాట కొంతవరకే సత్యము. పైరు గట్టు దాటదు; పశువు దాటును. అందుచేతనే మన ప్రాచీనులు యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున పొలిమేర తగవులకు ఒక ప్రకరణమును, పశువులు పరుల చేను మేయుటవలన పుట్టు తగవులకు మరియొక ప్రకరణమును కేటాయించిరి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. కాబట్టి ధర్మవిచారము తెలుగువారికి క్రొత్త కాదు.

నేడు గట్టు దాటునది పశువు మాత్రమే కాదు. మోటారు సైకిలు మ్రోతయు, అది లేపెడు ధూళియు దాటుచున్నవి. వినోదము కొరకు స్వంతభూమిలో మోటారు సైకిలు నడుపుటకు స్వేచ్ఛ యెంత, అనుమతి యెంత అను ప్రశ్న ఇందుండి పుట్టినది. దీనిని దినముల లెక్కతో తీర్చజూచిన దేశము ఇంగ్లండు.

ఆ దేశమున 1924లో, సర్రే మండలమందలి కాంబర్లీ వద్ద, ఎగుడుదిగుడు నేలపై మోటారు సైకిళ్ల పోటీ యొకటి జరిగెను. నేడు మోటోక్రాస్ అని పిలువబడు క్రీడకు అదియే మొదలని చెప్పుదురు. ఈ క్రీడకు చక్కని బాట పనికిరాదు. మిట్టయు, పల్లమును, బురదయు కావలెను. అవి యుండునది రైతుల బీళ్లలో. రైతునకు బాడుగ దొరకును, యువకులకు వేడుక దొరకును. ప్రక్క యింటి వృద్ధునకును, రోగికిని మాత్రము నెమ్మది దొరకదు.

భూమి యుపయోగమును ముఖ్యముగా మార్చవలెనన్న స్థానిక సంస్థ యనుమతి పొందవలెనని అచ్చట 1947లో చట్టము చేసిరి. కాని ఒక్కనాటి సంతకును, ఒక్కపూట పందెమునకును అర్జీ పెట్టుమనుట కష్టము. కావున కొంత సడలింపు నిచ్చిరి. ఇప్పుడు ఇంగ్లండున అమలులోనున్న 2015 నాటి ఉత్తరువు ప్రకారము, భూమిని సంవత్సరమునకు 28 దినములు తాత్కాలికముగా వేరొక పనికి వాడుకొనవచ్చును. వేరుగ దరఖాస్తు అక్కరలేదు. అయితే మోటారు పందెములకును, వేగపరీక్షలకును, వాని అభ్యాసమునకును 14 దినములే. ఈ 14 ఆ 28లోనివే గాని వానికి అదనము కావు. అభ్యాసమును కూడ లెక్కలో చేర్చుట గమనింపదగినది. చెవికి పందెపు మ్రోతయు, అభ్యాసపు మ్రోతయు ఒక్కటియే గదా!

ఈ లెక్క నడుపువానికి గాక భూమికి చెందును. మనుష్యులు మారినను దినములు మరల మొదటికి రావు. పదునాలుగును ఖర్చు వ్రాసిన పిదప, డిసెంబరు 31 గడచువరకు ఆ ఖాతాలో నిలువ లేదు. ఇంటి ఆవరణకు ఈ సడలింపు లేదు. శాస్త్రీయ ప్రాధాన్యము గలవని ప్రకటింపబడిన ప్రకృతి స్థలములలో మోటారు పందెములకును లేదు. అవసరమని తోచినచో స్థానిక సంస్థ తన పరిధిలో ఈ సడలింపును తొలగింపవచ్చును. అంతకు మించి దినములు కావలసినవారు అర్జీ పెట్టుకొనవలెను. అనుమతి యిచ్చునప్పుడు ఆ సంస్థ వేళలకును, మ్రోతకును షరతులు విధింపవచ్చును. మహమ్మారి కారణమున 2020 ఉత్తరార్ధమునను 2021లోను అదనపు దినములు ఇచ్చి, ఆ పిమ్మట పూర్వస్థితికి వచ్చిరి.

దినములు మిగిలియున్నంత మాత్రమున అంతయు చెల్లదు. మ్రోత దుస్సహమైనచో 1990 నాటి పర్యావరణ చట్టము క్రింద దానిని మాన్పుటకు స్థానిక సంస్థ నోటీసు ఇచ్చును. అధికారము లేక పరుల భూమిలో నడుపుట 1988 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రకారము నేరము. అట్లు నడుపుచు జనులను బాధించు వాహనమును పోలీసులు స్వాధీనము చేసికొనుటకు 2002 నాటి చట్టము వీలు కల్పించినది. భూస్వామి సమ్మతి వేరు, స్థానిక సంస్థ యనుమతి వేరు, పొరుగువాని నెమ్మది వేరు. ఒకటి మరియొకదానికి బదులు కాదు. ఆ నియమములలోని సారము ఇదియే.

ఇక మన దేశపు సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున లైసెన్సును, భీమాను గూర్చిన సెక్షనులు బహిరంగ ప్రదేశమును గూర్చి చెప్పును. రిజిస్ట్రేషనును గూర్చిన 39వ సెక్షను మాత్రము బహిరంగ ప్రదేశమునే గాక ఇతర ప్రదేశములను గూడ పేర్కొనుచున్నది. కాబట్టి “మా చేనే గదా” యను సమాధానము అచ్చట చాలదు. మరియు జనులకు ప్రవేశించు హక్కు గల యే త్రోవయైనను బహిరంగ ప్రదేశమే. పట్టా ఎవరి పేర నున్నది అను ప్రశ్న దానిని మార్చదు. బాలుడు ఆ చట్టము క్రింద నేరము చేసినచో, 2019 సవరణ ప్రకారము సంరక్షకునికి గాని వాహనపు యజమానికి గాని మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. 2000 నాటి ధ్వని నియమములు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెలులను హద్దుగా నిర్ణయించినవి.

దినములను లెక్కించు నియమము మన మోటారు చట్టమున లేదు. ఆ లోటును గ్రామస్థులే తీర్చుకొనవచ్చును. వేడుక పడు యువకులును, భూమి నిచ్చు రైతును, చుట్టుప్రక్కల యిండ్లవారును ముందుగా కూర్చుండి ఏ దినము, ఏ వేళ, ఎంత దూరమున అని నిశ్చయించుకొనవలెను. పరీక్షల కాలమును, రోగులున్న యిల్లును, ఈనవలసిన పశువులున్న పాకను తలచుకొనవలెను. యువకుల ఉత్సాహమును బొత్తిగా అణచుట ధర్మము కాదు. పొరుగువాని నిద్రను బొత్తిగా హరించుటయు ధర్మము కాదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున పదిమందియు ఒక్క కప్పు క్రింద చదువుకొనుచున్నారు. ఒకడు పెదవి విప్పి చదివిన ప్రక్కవాని చదువు చెడునని ఇచ్చట పిల్లలకు సైతము తెలియును. ఆ మర్యాదయే పొలము గట్టు మీదికిని నడచుగాక! ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!