విశ్రాంతియందును వ్యాయామమందును మన యూపిరి
(వార్షిక మహాసభయందుఁ జేసిన ప్రసంగము)

నేను సంస్కృతము చదివి బడిపంతులుగాఁ బనిచేసినవాఁడను, వైద్యుఁడను గాను. అయినను ఊపిరినిగూర్చి మీతో నాలుగు మాటలు చెప్పుటకు నాకొక కారణము గలదు. దానిని కడపటఁ జెప్పెదను.

మానవుఁడు ఒక యహోరాత్రమున 21,600 మారులు శ్వాసించునని మన యోగశాస్త్ర సంప్రదాయము. అనఁగా నిమిషమునకు 15. ఊరక కూర్చున్న పెద్దవాఁడు నిమిషమునకు 12 మొదలు 20 వఱకు శ్వాసించునని శరీరశాస్త్రము చెప్పుచున్నది. రెండు లెక్కలును బొసఁగుచున్నవి.

ఈ గాలి లోనికెట్లు వచ్చును? ఊపిరితిత్తులు తమంతఁ దాము విప్పారఁజాలవు. ఱొమ్మునకును గడుపునకును నడుమ గొడుగువలె వంగియున్న ఉదరవితానమను కండ ముడుఁగుకొని క్రిందికి దిగును. ప్రక్కటెముకలు పైకి లేచును. ఱొమ్ముగూడు విశాలము కాఁగా లోని యొత్తిడి తగ్గి బయటి గాలి చొచ్చును. కమ్మరి కొలిమితిత్తిని దెఱచినపుడు జరుగునదియు నిదియే. విశ్రాంతియందు గాలి విడుచుటకు వేఱు శ్రమ యక్కఱలేదు. సాగిన తిత్తులు తమంతనే ముడుఁగుకొనును.

ఒక్కొక్క శ్వాసకు సుమారు అర లీటరు గాలి లోనికిఁ బోవును. అందు 150 మిల్లీలీటరులు గొట్టములలోనే నిలిచిపోవును. మిగిలినది కోట్లకొలఁది వాయుకోశములఁ జేరును. వాని పలుచని గోడలగుండఁ బ్రాణవాయువు రక్తములోనికిని, బొగ్గుపులుసుగాలి రక్తమునుండి వెలికిని బోవును. పీల్చు గాలిలోఁ బ్రాణవాయువు నూటికి 21 పాళ్లు. విడుచు గాలిలో సుమారు 16.

ఇఁక వ్యాయామము. దృఢకాయుఁడు వేగముగాఁ బరుగెత్తునపుడు దేహము విశ్రాంతికాలముకంటెఁ బదిరెట్లు, అంతకు మించియుఁ బ్రాణవాయువును గోరును. శ్వాసలు నిమిషమునకు 40 దాఁటవచ్చును. ఒక్కొక్క శ్వాసకు రెండు లీటరులకు మించి గాలి రావచ్చును. నిమిషమునకు ఆఱేడు లీటరులు చాలినవానికి నూఱు లీటరులు కావలసివచ్చును. అప్పుడు గాలి విడుచుటయుఁ బనియే యగును; కడుపుకండలు బిగిసి దానిని వెలికిఁ దోయును. గుండెయు వడిగాఁ గొట్టుకొని రక్తమును నడపును.

ఊరకున్నపుడు శ్వాసను నడపునది ముఖ్యముగాఁ బ్రాణవాయువు కొఱఁత గాదనియు, బొగ్గుపులుసుగాలి పరిమాణమే యనియు హాల్డేను, ప్రీస్ట్లీ యను శాస్త్రజ్ఞులు 1905లోఁ జూపిరి. వ్యాయామమున మెదడునుండియు, కదలు నవయవములనుండియు వచ్చు సంకేతములును దానికిఁ దోడగును. కావుననే పరుగు మొదలిడినంతనే శ్వాస హెచ్చును; పరుగాఁగిన పిదప రొప్పు క్రమముగాఁ దగ్గును. ఇది వ్యాధి గాదు, దేహధర్మము.

ఇఁక నా కారణము. నేను బనిచేసిన యొక పాఠశాలలో డ్రిల్లువేళ నొక బాలుఁడు కొంతదూరము పరుగెత్తి కూలఁబడుచుండెను. వానికి దగ్గు వచ్చును. ఱొమ్మున పిల్లికూఁతలు వినఁబడును. నేను వానిని సోమరియని యందఱియెదుట నిందించి బల్లపై నిలువఁబెట్టితిని. మఱునాఁడు వాని తల్లి వచ్చి, వానికి ఉబ్బసమని కన్నీటితోఁ జెప్పినది. అల్పప్రాణ మహాప్రాణ భేదమును తరగతికి బోధించుచుండిన నేను, ఎదుట నిలిచిన పిల్లవాని ప్రాణము పడు పాటును గ్రహింపనైతిని.

ఉబ్బసమున గాలిగొట్టములు వాచి యిఱుకగును. పరుగు దానిని హెచ్చింపవచ్చును. గాలి విడుచుటయే కష్టమగును. ఆ బాలునిది సోమరితనము గాదు. గొట్టములు మూసికొనిపోవుచుండఁగా వాఁడు పరుగెత్తఁబూనుటయే సాహసము.

తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా! ఆటపిదపఁ దగ్గిపోవు రొప్పునకు వెఱవకుఁడు. పిల్లికూఁతలు, ఱొమ్ము బిగఁబట్టుట, రాత్రిదగ్గు కనఁబడినచో బిడ్డను వైద్యునియొద్దకుఁ దోడ్కొనిపొండు. తగిన యౌషధము వాడినచో అట్టి పిల్లలలోఁ బెక్కండ్రు హాయిగా నాడుకొనఁగలరు. ఊరక కూర్చున్నపుడే యాయాసము గలుగు పెద్దలును వైద్యునిఁ జూడవలయును.

పరుగుపందెమున గెలిచినవానికి బహుమాన మిచ్చుటకు మనమందఱము సిద్ధమే. నడుమ నాఁగి కూర్చున్నవానిని నిందింపకమున్ను, ఒక్కమారు వాని చెంతఁ గూర్చుండి యూపిరి వినుఁడు. నేనానాఁడు చేయనిది అదియే.