పడవ గదిలో నిలబడాలా, కూర్చోవాలా?

రెండు సన్నని పడవలను పక్కపక్కన పెట్టి, మధ్యన డెక్కు వేసి కలిపితే అది కటమరాన్. 30 అడుగుల లోపు కటమరాన్‌లో, ఆ డెక్కు మీది గదిలోనూ మనిషి నిటారుగా నిలబడాలంటే చిక్కు మొదలవుతుంది. గది నేల నీటికి దగ్గరైతే అలలు కిందినుంచి దబదబా బాదుతాయి. నేలను పైకి లేపితే కప్పూ లేవాలి. కప్పు లేచినకొద్దీ గాలి పడవను పక్కకు నెడుతుంది, ఎదురుగాలిలో సాగడం కష్టమవుతుంది, బరువూ పెరుగుతుంది. పడవ చిన్నదైనంత మాత్రాన మనిషి పొట్టివాడు కాడు కదా!

అందుకని కప్పును కిందికే ఉంచితే, నెలల తరబడి నడుం వంచుకుని ఎవరుంటారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే వంటలాంటి నిలబడి చేసే పనులను పక్క పడవల్లోకి దించవచ్చు. అక్కడి నేల నీటిమట్టానికి దిగువన ఉంటుంది గనుక ఎత్తు తేలిగ్గా దొరుకుతుంది. మధ్యగదిలో భోజనానికి ఎలాగూ కూర్చోవలసిందే. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ వార్రమ్ తన చిన్న పడవలకు అసలు మధ్యగదే పెట్టలేదు. 1955-56లో 24 అడుగులైనా లేని 'టాంగరోవా'లో ఆయన అట్లాంటిక్ దాటాడు. ఆయన గీసిన 21 అడుగుల టికీ పడవ ఒకటి 1990లలో ప్రపంచాన్నే చుట్టింది. సుఖంగా చుట్టిందని అనను గానీ, క్షేమంగా చుట్టింది. చిన్న కటమరాన్ కొనదలచినవారు కప్పు ఎత్తు కంటే ముందు, గది నేలకూ నీటికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచి చూసుకోండి.