కాన్‌స్టాంటినోపిల్ మహానగరము



మన కావ్యములలో కథకు ముందే పురవర్ణనము వచ్చును. కోటకొమ్మలు మింటి నంటుననియు, అగడ్తలు పాతాళమును తాకుననియు కవులు వర్ణింతురు. వినుటకు ఇంపుగా నుండును. కాని ఆ పురజనులకు త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చెనో, అంగడిలో తూకమును ఎవరు పరీక్షించిరో, దిక్కులేని రోగిని ఎవరు చూచిరో కవులు సాధారణముగా చెప్పరు. నేడు నేను చెప్పబోవు నగరము కవికల్పితము కాదు. దాని శిథిలములు నేటికిని కంటికి గోచరించుచున్నవి. అందలి నీటికిని, తూకమునకును, రోగులకును లెక్కలు వ్రాసినవారు కలరు.

ఆ నగరము కాన్‌స్టాంటినోపిల్. ఇప్పుడు తుర్కీదేశమున ఇస్తాంబూలు అను పేర నున్నది. రోమక చక్రవర్తియగు కాన్‌స్టంటైన్ 330వ సంవత్సరము మే 11వ తేదీన దానిని తన నూతన రాజధానిగా ప్రతిష్ఠించెను. అంతకుముందు అచ్చట బైజాంటియము అను చిన్న గ్రీకు పట్టణ ముండెను. అందుచేత చరిత్రకారులు ఆ సామ్రాజ్యమును బైజాంటైన్ సామ్రాజ్య మందురు. అచటి ప్రజలు మాత్రము గ్రీకుభాష మాటాడుచునే తాము రోమకులమని చెప్పుకొనిరి. పడమటి రోమకరాజ్యము 476లో కూలినను, ఈ తూర్పు రాజ్యము 1453 వఱకు నిలిచెను. ఆరవ శతాబ్దమున జస్టీనియన్ కాలమునందును, మరల పదవ శతాబ్దము మొదలు పండ్రెండవ శతాబ్దము వఱకును ఆ నగరము ఉచ్చదశలో నుండెను.

నగరము త్రికోణాకారముగా నుండును. ఉత్తరమున స్వర్ణశృంగ మను సముద్రపు పాయ. తూర్పున బాస్ఫరస్ జలసంధి. దక్షిణమున మర్మరా సముద్రము. పడమట మాత్రమే నేల. ఆ వైపున రెండవ థియొడోసియస్ కాలమున సుమారు 4 మైళ్ల గోడ కట్టిరి. మొదట 60 అడుగుల వెడల్పుగల అగడ్త, దానివెనుక వెలిగోడ, దానివెనుక 40 అడుగుల యెత్తుగల లోపలిగోడ, ఆ లోపలిగోడకు 96 బురుజులు.

447లో భూకంపము వచ్చి 57 బురుజులు కూలెను. అదే సమయమున హూణరాజగు అత్తిలా సేనలు సమీపించుచుండెను. నగరమున రథపందెములనుబట్టి నీలపక్షము, హరితపక్షము అను రెండు కక్షలుండెను. అవి నిత్యము కలహించునవి. ఆ ఆపదలో రెండు పక్షములవారును గోడ చెరిసగము పంచుకొని 60 దినములలో దానిని తిరిగి నిలిపిరి. అత్తిలా ఆ గోడను దాటలేదు.

ఇక లోనికి పోవుదము. మేసే అను రాజవీధి నగరమధ్యముగా పోవును. ఇరుప్రక్కల స్తంభముల మండపములు, వాని నీడలో అంగళ్లు. వ్యాపారుల నందఱిని ఎపార్కు అను నగరాధికారి పాలించెడివాడు. పదవ శతాబ్దమున ఆరవ లియో చక్రవర్తి పేర వెలువడిన శాసనగ్రంథమున ఏ వృత్తివా రెట్లు నడువవలెనో వ్రాయబడినది. చేపలు విక్రయించువారి పెద్దలు ప్రతిదినము తెల్లవారుజామున అధికారికడకు పోయి, రాత్రి ఎన్ని చేపలు పడినవో చెప్పవలెను. దానినిబట్టి ధర నిర్ణయింపబడును. ముద్రలేని తూనికరాళ్లు వాడినవానికి శిక్ష కలదు. రొట్టెలు కాల్చువారిని, వారి పశువులను ఏ రాచకార్యమునకును వెట్టికి పట్టరాదు. పట్టిన పట్టణమునకు ఆ దినము తిండి యుండదు గదా! మిరియములు, దాల్చినచెక్క, అగరు మొదలగు సుగంధద్రవ్యముల అంగళ్లు రాజప్రాసాదద్వారమునొద్ద నుండవలెను. ఆ ద్వారముపైనున్న క్రీస్తుచిత్రమునకు ఆ పరిమళమే ధూపమగునట. ఆ మిరియములు మన దక్షిణదేశపు తీగెలకు కాచినవి.

వీథి చివర పవిత్రజ్ఞానమందిరమను హాగియా సోఫియా కలదు. 532లో రెండు పక్షములవారు ఏకమై ప్రభువుపై తిరుగబడిరి; పూర్వపు దేవాలయము అగ్నికి ఆహుతియయ్యెను; తిరుగుబాటు నణచుటలో ముప్పదివేలమంది చచ్చిరని నాటి చరిత్రకారుడు వ్రాసెను. పిమ్మట జస్టీనియన్ అయిదేండ్లలో నూతన మందిరమును కట్టించెను. అంథీమియస్, ఇసిడోర్ అనువారు దానికి శిల్పులు. దాని గుమ్మటము వ్యాసము సుమారు 100 అడుగులు. మొదట 40 గవాక్షములు వరుసగా నుండుటచే, గుమ్మటము గోడలపై ఆనక వెలుతురుపై తేలుచున్నట్లు కనబడును. 558లో మొదటి గుమ్మటము కూలగా మరింత యెత్తుగా కట్టిరి. మందిరము నేటికిని నిలిచియున్నది, ఇప్పుడు మసీదు.

ప్రాసాదమునందలి వైభవమును గూర్చి ఒక్కమాట. 949లో ఇటలీనుండి వచ్చిన లియుత్‌ప్రాండు అను రాయబారి సింహాసనముముందు బంగరుపూతగల చెట్టును, దానిపై యంత్రపు పక్షులు కూయుటను, యంత్రసింహములు గర్జించుటను చూచెను. ముందే విచారించి తెలిసికొనుటచే తాను బెదరలేదని వ్రాసికొనెను.

నాకు ఆ బంగరుచెట్టుకంటె నగరపు నీటిపని గొప్పదిగా తోచును. నాలుగవ శతాబ్దమున వాలెన్స్ చక్రవర్తికాలమున కొండలనుండి నగరమునకు నీరు తెచ్చిరి. తరువాత త్రవ్వినవానితో కలిపి ఆ కాలువలన్నియు 250 మైళ్లకు మించునని నేటి పరిశోధకు లందురు. నగరమధ్యమున రెండు గుట్టల నడుమ అరమైలుకు పైబడిన కమానుల వంతెనపై ఆ నీరు పాఱెడిది. భూమిక్రింద 336 స్తంభములతో ఒక జలాశయము కలదు. రాజవీథిలో నడచువానికి తన పాదములక్రింద చెరువున్నదని తెలియనే తెలియదు.

626లో అవారులను శత్రువులు ముట్టడించి, లోనికి రాలేక, వెలుపలి కాలువను తెగగొట్టి పోయిరి. అది 140 ఏండ్లు తెగియే యుండెను. మహామారివలన జనము తగ్గి, కోటలోపల తోటలు పెరిగెను. 766లో వానలు లేక జలాశయము లెండగా అయిదవ కాన్‌స్టంటైన్ దేశదేశములనుండి పనివాండ్రను రప్పించెను. 1,000 మంది తాపీవారు, 200 మంది సున్నపుపూతవారు, 500 మంది మట్టిపనివారు, 5,000 మంది కూలీలు, 200 మంది ఇటుకలు చేయువారు! నీరు మరల పారెను. ఈ లెక్కను వ్రాసినవాడు థియోఫనీస్ అను సన్యాసి. మతవిషయమున అతడు ఆ రాజును మిక్కిలి ద్వేషించెను. అయినను పనివాండ్ర లెక్కను మఱుగుపఱుపలేదు. నగరము మరల పెరుగుటకు ఈ పని గుర్తని చరిత్రకారులు చెప్పుదురు.

పండ్రెండవ శతాబ్దమున రెండవ జాన్ చక్రవర్తి దంపతులు ఒక మఠముతోపాటు 50 మంచముల వైద్యశాలను నెలకొల్పిరి. 1136 నాటి ధర్మపత్రము నేటికిని లభించుచున్నది. స్త్రీలకు 12 మంచములు వేరుగా నుండవలెననియు, వారిని చూచుటకు స్త్రీవైద్యురాలును ఉండవలెననియు, చలికాలమున దుప్పట్లు అధికముగా నీయవలెననియు అందున్నది. వృద్ధులకు 24 మందికి ఆశ్రమముగూడ కలదు.

ఇట్టి నగరము ఎట్లు చెడెను? 1195లో ఐజాక్ అను చక్రవర్తిని అతని యన్నయే పట్టి, కన్నులు పొడిపించి, సింహాసన మాక్రమించెను. ఐజాకు కుమారుడు పడమటి దేశములకు పాఱిపోయి, జెరూసలేమునకు పోవుచున్న క్రైస్తవసేనల నాశ్రయించి, తన్ను రాజును చేసినచో 2,00,000 మార్కుల వెండి నిత్తునని వాగ్దానము చేసెను. 1203లో వారు వచ్చిరి, అతడు రాజయ్యెను. బొక్కసమున సొమ్ము చాలలేదు. దేవాలయముల వెండిని కరగించెను, అదియు చాలలేదు. ప్రజలు తిరుగబడిరి; అతడు చెరలో హతుడయ్యెను. 1204 ఏప్రిలులో ఆ క్రైస్తవసేనలే స్వర్ణశృంగమువైపు గోడ నెక్కి మూడు దినములు నగరమును దోచినవి. కంచువిగ్రహములను కరగించి నాణెములు పోసిరి. నాలుగు కంచుగుఱ్ఱములను వెనిస్‌కు గొనిపోయిరి. అవి నేటికిని అచ్చటనే యున్నవి. గ్రీకులు 1261లో నగరమును మరల పొందిరి గాని పూర్వవైభవము రాలేదు. 1453 మే 29న తురుష్కసుల్తాను మహమ్మదు పెద్ద ఫిరంగులతో పడమటిగోడను ఛేదించునాటికి, ఒకప్పుడు లక్షలజనముగల ఆ పురమున సుమారు 50,000 మందియే మిగిలియుండిరని అంచనా.

ఆర్యులారా! ఈ గాథలో నాకు పదేపదే స్ఫురించునది ఒక్కటే. 447లో పగవారైన రెండు కక్షలు ఇటుకలు మోసి నిలిపిన గోడ శత్రువును వేయేండ్లు ఆపెను. తండ్రి కన్నులకై పగబట్టిన ఒక్క బాలుడు పిలిచికొనివచ్చిన మిత్రులను మాత్రము ఏ గోడయు ఆపలేకపోయెను. దాయాదుల తగవు ఇంటిలో తీరవలెను. వాకిట నిలిచినవానిచేతికి తాళపుచెవి నిచ్చిన పిమ్మట తగవరి వాడే యగును.

తెగిన కాలువను 140 ఏండ్లకైనను పూడ్చవచ్చును. ఈ తెగుదలకు మాత్రము ఆ నగరమునకు మందు దొరకలేదు.