పిలుపునకును పిలుపునకును నడుమ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో మాటలాడుటకు నాకున్న అర్హత యొక్కటే. ఈ గ్రంథాలయమునకు గడువు దాటి పుస్తకములు తిరిగి యిచ్చువారిలో నేను మొదటివాడను. అందులకు కారణము నా యుద్యోగము. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున ఆరంభమైన 108 సేవ మీరెరిగినదే. అట్టి వాహనమున నేను వైద్య సహాయకుడను. బండి నడుపు సహచరుని మేము పైలట్ అందుము.

మా బండి కూతపెట్టుచు పరుగిడుట మీరందరును చూచియున్నారు. అది కదలక నిలిచియుండు గంటలను చూచినవారు తక్కువ. పండ్రెండు గంటల పనిలో ఒకనాడు అన్నము తినుటకైనను వ్యవధి చిక్కదు. మరియొకనాడు తెల్లవారువరకు ఒక్క పిలుపును రాదు. "ఊరక కూర్చుండుటకు జీతమా?" అని టీ దుకాణము వద్ద పరిహాసమాడినవారును కలరు. చెవి ఫోనుపై నుంచి, చెప్పులు కాలికి అందుబాటులో నుంచుకొని కూర్చుండుటను విశ్రాంతియని యెట్లు చెప్పుదును?

మొదట సెల్ ఫోనులో బొమ్మలు చూచెడివాడను. రెండు గంటలు చూచిన పిమ్మట ఏమి చూచితినో జ్ఞప్తికి రాదు. కన్నులు మాత్రము మండును. అప్పుడు మన గ్రంథపాలకులు మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథల మొదటి భాగమును నా చేతికిచ్చిరి. కాశికి పోవు మణిసిద్ధుడు వెంట వచ్చు గొల్లపిల్లవానికి మజిలీ మజిలీకి కథ చెప్పుటయే గదా ఆ గ్రంథపు ఏర్పాటు! మాదియు మజిలీల బ్రతుకే. నేను బిగ్గరగా చదువుదును, పైలట్ వినును. కథ మంచి పట్టులో నుండగా పిలుపు వచ్చును. పుట మడచి లేతుము. (గ్రంథపాలకులు క్షమింతురు గాక.) ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్చి, బండి కడిగి, తిరిగి కూర్చుండగనే "ఆ రాకుమారుడేమయ్యాడన్నా?" అని యతడడుగును.

ఒక మాట దాచక చెప్పవలెను. పనిలో చేరగానే ఆక్సిజన్ సిలిండరు చూచుకొనుట నా మొదటి విధి. ఒకనాటి సాయంకాలము, కథ మిగిలియుండుటచే, తరువాత చూతమని పుస్తకము తెరచితిని. పది పుటలైనను కాలేదు, ఆయాసముతో నున్న యొక వృద్ధునికై పిలుపు వచ్చెను. సగము దారి పోవునప్పటికి సిలిండరు వట్టిపోయెను. దారిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి పైలట్ మరియొకటి మోసికొని వచ్చువరకు, ఆయన పెదవులు నల్లబడుట చూచుచు, చేయి పట్టుకొని కూర్చుంటిని. దైవవశమున ఆయన బ్రతికెను. కొంతకాలమునకు సంతలో కనబడి, "ప్రాణం నిలిపావు నాయనా" అని నా రెండు చేతులును పట్టుకొనెను. నేను తలయెత్తలేకపోతిని. ఈ సంగతి పైలట్‌కు దక్క మరెవరికిని నేటివరకు చెప్పలేదు.

తప్పు నాది; పుస్తకమును నిందించి లాభము లేదు. నాటినుండి సిలిండరు, గొంతులోని కఫము లాగు యంత్రము, ప్రసవపు సామగ్రి, స్ట్రెచరు పట్టీలు నేను చూచి, పైలట్‌కు చూపిన పిమ్మటనే పుస్తకము తెరచుచున్నాను. గుండె యాగినవారికి నిమిషమునకు 100 నుండి 120 మారులు ఛాతి నొక్కవలెను గదా. దానిని దిండుపై అభ్యసించుటయు ఈ తీరిక వేళలలోనే.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. మా బండి నిలుచు చోట ఒక చెక్కపెట్టె చేయించితిమి. పది పుస్తకములు నెల గడువుపై ఇప్పించిన మేలు. పెద్ద నవలలు వలదు. నడుమ విడిచి లేవదగిన చిన్న కథలు చాలును. కాశీమజిలీ మూడవ భాగము ఇంకను నా యొద్దనే యున్నది. జరిమానా పోవునపుడు చెల్లించెదను. రాత్రి ఎనిమిదికి నా పని మొదలగును. పైలట్ వెలుపల వేచియున్నాడు. సెలవు.